అరిగిన రబ్బరు

పాత టీవీ గేమ్ రిమోట్ ఏదైనా మీ చేతికొస్తే, స్క్రూ డ్రైవర్ తీసే ముందు ఒక్క పని చెయ్యండి. దాన్ని తెచ్చిన మనిషికే మళ్ళీ ఇచ్చి ఒకసారి నొక్కి చూపించమనండి. ఆ వేలు ఎక్కడ పడుతోందో, ఎంత గట్టిగా పడుతోందో చూడండి. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ పనిలో ఉండి కూడా చివరి రోజుల్లో గాని నాకీ సంగతి తెలియలేదు. తెలిసిన తీరు కూడా ఏమంత గొప్పగా చెప్పుకునేది కాదు.

ఈ మధ్య మీలాంటి కుర్రాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. పాత రిమోట్లని కంప్యూటర్లకి తగిలించుకునే సరదా మళ్ళీ వచ్చినట్టుంది. లోపల ఎన్ని వైర్లండీ, ఏ వైరు దేనికండీ అని అడుగుతారు. చెబుతాను. ఐదు వైర్లు, రెండు కరెంటుకి, మూడు మాటలు మోయడానికి. నిజానికి ఇదంతా వీడియోల్లో ఉంది, నాకంటే ఓపిగ్గా చెప్పేవాళ్ళున్నారు. వీడియోల్లో లేనిది ఒకటి ఉండిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. రాయడానికి కూడా బద్ధకంగానే ఉంది, కళ్ళు లాగుతున్నాయి.

మా షాపు రాజమండ్రి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది. మొదట రేడియోలు చేశాం, తర్వాత టీవీలు, ఆ తర్వాత టీవీకి తగిలించి ఆడుకునే క్యాసెట్ గేములు. ఆ గేములకుండే పలకకి ఇంత పొడుగు వైరు వేలాడుతుండేది, అయినా అందరం దాన్ని రిమోట్ అనే అనేవాళ్ళం. ఒక్కొక్కటే అన్నీ పోయాయి. పల్చటి టీవీలు వచ్చాక బాగుచెయ్యడమనేదే లేదు, బోర్డు పోతే బోర్డు మార్చడమే. ఇక షట్టర్ దించేద్దామనుకుంటుండగా అమలాపురం నుంచి ఒకాయన పాత రిమోట్ తెచ్చి, దీన్ని కంప్యూటర్‌కి పెట్టుకునేలా చేస్తారా అని అడిగాడు. చిన్నప్పటి ఆటలు ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతున్నాయట గాని, కీబోర్డు మీద ఆడితే ఆ రుచి రావడం లేదట. చేసిచ్చాం. ఆయన ఆ ఫొటోలు ఎక్కడో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అక్కణ్ణించి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ డబ్బాలు రావడం మొదలైంది. తెరిస్తే అన్నీ చెమటా దుమ్మూ పట్టిన రిమోట్లు. నడుం వంగే వయసులో మళ్ళీ పిల్లలాటల బేరం మొదలైందని మా ఇంట్లో నవ్వారు.

షాపులో ముగ్గురం. విప్పడం, బిగించడం, కస్టమరుతో మాట్లాడడం నా వంతు. సోల్డరింగ్ అంతా ధవళేశ్వరం ఆవిడది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు రేడియోలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసి, అది మూతపడ్డాక మా దగ్గరకొచ్చారు. ఆవిడ పెట్టిన సీసం చుక్క ఆవగింజంత ఉండి మెరిసేది. నన్ను నోరారా అన్నయ్యగారూ అనేవారు గాని, పది మాటలు చెబితే మూడు వినేవారు కాదు. మూడో ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. రిమోట్‌కీ కంప్యూటర్‌కీ మధ్యన బొటనవేలంత బోర్డొకటి పెడతాం. రిమోట్‌లో ఏం నొక్కారో చదివి కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పడం దాని పని. అందులోకి ప్రోగ్రాం రాసేది మాస్టారు. ఒక టీ, ఒక తగాదా ఉంటే చాలు, ఆయన సాయంత్రం దాకా కుర్చీలోంచి కదిలేవారు కాదు.

షాపుకొక కట్టుబాటు ఉండేది. నేను పెట్టిందే. మా చేతుల మీదుగా వెళ్ళే రిమోట్‌లో అరిగిన రబ్బరు ఉండకూడదు. ప్రతి బొత్తాం కిందా చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ళ. బొత్తాం నొక్కితే టోపీ కుంగి బిళ్ళ కింది బోర్డుకి తగులుతుంది, వదిలితే ఆ టోపీయే బొత్తాన్ని పైకి లేపుతుంది. ఏళ్ళ తరబడి నొక్కగా రబ్బరు మెత్తబడి చేవ పోతుంది. అది పీకి కొత్తది వేస్తే బొత్తాం టక్కున లేస్తుంది. అలా లేచినప్పుడు కస్టమరు ముఖం వెలిగేది, ఆ వెలుగుకి నేను బాగా అలవాటు పడ్డాను. షాపు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి, నేను బాగుచేసిన రేడియోకి నాబు వదులుగా ఉందని, నలుగురిలో ఇదేం పనయ్యా అన్నాడు. ఆయన బాగుచెయ్యమన్నది స్పీకరు, నాబు కాదు. అయినా ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. అప్పట్నుంచి అడిగినా అడక్కపోయినా అన్నీ కొత్తగా చేసి పంపడమే నా పద్ధతైంది. నన్నడిగితే అది నిజాయితీ అనే చెప్పేవాణ్ణి.

నాలుగేళ్ళ కిందట కార్తీక మాసంలో తణుకు నుంచి ఒకతను వచ్చాడు. సంచీలోంచి తువ్వాలు తీసి, మడతలు విప్పి, అందులోంచి రిమోట్ తీశాడు. ఎడమ పక్క ప్లస్ గుర్తులాంటి బొత్తాం, నాలుగు వైపులా నొక్కొచ్చు. కుడి పక్క రెండు ఎర్ర బొత్తాలు.

"ఇది మా ఆవిడదండి. దీంతో కంప్యూటర్లో బాణం గుర్తు కదలాలండి. ఆటలకి కాదండి, పనికి," అన్నాడు.

అతని భార్య తణుకులో ఒక శుభలేఖల షాపులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. పెళ్ళి కార్డులన్నీ కంప్యూటర్లో కూర్చేది ఆ అమ్మాయే. అంతకుముందు ఏడాది ఏదో నరాల జబ్బు వచ్చి మనిషి మంచాన పడింది. కాళ్ళు కొంత తిరిగొచ్చాయి, చేతులు రాలేదు. ఎడమ చేతి బొటనవేలొక్కటే మాట వింటోంది, అదీ అంతంతమాత్రం.

"మౌసు నొక్కలేకపోయిందండి. కొత్త జాయ్‌స్టిక్ కొనుక్కొచ్చానండి, అదీ నొక్కలేకపోయింది. ఇది వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు కొనిపెట్టిందండి. అటక మీంచి తీసి సరదాకి ఒళ్ళో పెడితే బొత్తాం కుంగిందండి. ఆ రోజు మా ఇంట్లో అందరం ఏడ్చామండి," అన్నాడతను, నవ్వుతూనే.

షాపు యజమాని కార్తీకం, మార్గశిరం పెళ్ళిళ్ళు బయటి మనిషితో ఎలాగో లాగిస్తున్నాడట. పుష్యంలో ముహూర్తాలుండవు. మాఘం వచ్చిందంటే కార్డుల షాపులో ఊపిరాడదు. పుష్యం వెళ్ళేలోపు ఆ అమ్మాయి ఒక్క కార్డు మొదట్నుంచి చివరిదాకా తనంత తను చేస్తే ఆ కుర్చీ ఆమెదే, లేకపోతే కొత్త మనిషిని పెట్టుకోక తప్పదన్నాడట.

"ఆయన్ననడానికేం లేదండి, ఏడాది ఆగాడు. ఆవిడకి ఆ కుర్చీ పోతే మళ్ళీ మంచమేనండి. మందుల కంటే ఆ కుర్చీ మీదే ఆశ పెట్టుకుని ఉంది," అన్నాడు. లేవబోతూ మళ్ళీ కూర్చున్నాడు. "ఒక్కటి మరీ మరీ చెప్పమందండి. లోపలేమీ మార్చొద్దంది. వైరు చివర కంప్యూటర్‌కి తగిలేలా చేస్తే చాలంది."

"అలాగేనండి," అన్నాను.

మా మాస్టారు రెండు రోజుల్లో ప్రోగ్రాం రాసేశారు. ప్లస్ బొత్తాం ఎటు నొక్కితే బాణం అటు మెల్లగా కదలాలి, నొక్కే ఉంచితే వేగం అందుకోవాలి. ఎర్ర బొత్తాలు రెండూ మౌసుకుండే రెండు నొక్కులు. అక్షరాలు కావాలంటే తెర మీదే కీబోర్డు తెరుచుకుని ఒక్కొక్కటీ ఏరుకోవాలి. ఎర్ర బొత్తాలు కాస్త దూరం కదా, వేలు అంత దూరం పోలేకపోతే ఎలాగని, ప్లస్ బొత్తాన్ని ఒక్కసారి చటుక్కున నొక్కి వదిలినా నొక్కు కింద లెక్కేసేలా రాశారు. అది ఆయనకే తట్టింది. ధవళేశ్వరం ఆవిడ మూడో రోజు మధ్యాహ్నానికి సోల్డరింగ్ ముగించారు. కార్తీకం వెళ్ళకుండానే రిమోట్ తయారు.

బిగించబోతూ రబ్బర్ల వంక చూశాను. ప్లస్ బొత్తాం కింది రబ్బరు మరీ అన్యాయంగా ఉంది. దోసె అంచులా పల్చబడి, ఊదితే కుంగేలా ఉంది. ఇలాంటిది నా షాపు నుంచి వెళ్ళడమా అనిపించింది. పీకేశాను.

"ఏమీ మార్చొద్దన్నారు కదండీ అన్నయ్యగారూ," అన్నారు ధవళేశ్వరం ఆవిడ.

"పాత వస్తువు మీద మమకారంతో అలాగే అంటారమ్మా. కొత్తది వేస్తే వాళ్ళే సంతోషిస్తారు."

"వాళ్ళకి లేని ఇబ్బంది మనకెందుకండీ?"

"మన షాపు నుంచి ఇలా వెళ్ళకూడదు," అన్నాను, కాస్త గట్టిగానే.

కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. అతను నాకన్నీ చెప్పాడు. మౌసు నొక్కలేకపోయిందనీ, కొత్తదీ నొక్కలేకపోయిందనీ, ఇదొక్కటే కుంగిందనీ వరసగా చెప్పాడు. కొత్తవి కుంగని వేలికి ఇది ఎందుకు కుంగిందో కాస్త ఆలోచించినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. నేను ఆలోచించలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఇంకా ఆలోచించేదేముంటుందనుకున్నాను.

ఆ కొలత రబ్బర్లు ఇక్కడ దొరకవు. ఢిల్లీ నుంచి తెప్పిస్తే మొదటిసారి కొలత తప్పొచ్చింది. తిప్పి పంపి మళ్ళీ తెప్పించేసరికి మార్గశిరం వెళ్ళిపోయి పుష్యం కూడా చివరికొచ్చింది. ఈలోగా తణుకు అతను రెండుసార్లు ఫోన్ చేసి, అయిందాండి అని అడిగాడు. పార్టు రావాలండి అన్నాను. ఏ పార్టని అతను అడగలేదు, నేను చెప్పలేదు. తయారైన రిమోట్ మా బల్ల మీద ఖాళీగా పడుంది. ఆ అమ్మాయి దాని మీద చెయ్యి అలవాటు చేసుకోవాల్సిన రోజులన్నీ అలా గడిచిపోయాయి.

చివరికి గడువు ఇంకొక్క రోజే మిగిలింది. ఇక పార్సిల్లో పంపితే కుదరదని నేనే తీసుకుని పొద్దున్నే బస్సెక్కాను. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన దాకా బాగానే వెళ్ళింది. అక్కణ్ణించి రోడ్డంతా ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లే. దిగేసరికి పదకొండు దాటింది.

షాపు చిన్నదే. గోడలకి నిలువునా కార్డుల నమూనాలు, లోపల గుప్పున సిరా వాసన. కంప్యూటర్ ముందు కుర్చీలో ఆ అమ్మాయి అప్పటికే కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో. తల దువ్వి పువ్వులు పెట్టారు, ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టారు, చేతులు మటుకు ఎవరో పెట్టినట్టు ఒళ్ళో ఉన్నాయి. భర్త ఎడమ చేతి కింద చిన్న దిండు సర్దాడు. యజమాని అరవై దాటినాయన, ఒక పెళ్ళివారు రాసిచ్చిన రూళ్ళ కాగితం తెచ్చి తెర పక్కన అంటించాడు.

"నిజం కార్డేనమ్మా. ఉత్తుత్తి పరీక్ష ఎందుకు," అన్నాడాయన.

రిమోట్ దిండు మీద పెట్టాను. ఆ అమ్మాయి చూసి, "ఎంత శుభ్రం చేశారండీ! చిన్నప్పుడు కూడా ఇలా లేదు," అంది. నాకు కావలసిన వెలుగు ఆ ముఖంలో కనబడింది. నేను మామూలుగానే సంతోషించాను.

బొటనవేలు ప్లస్ మీద పెట్టింది. బాణం కదల్లేదు. మళ్ళీ నొక్కింది. కదల్లేదు. నేను వంగి నా వేలితో నొక్కాను, బాణం తెర మీద గిర్రున తిరిగింది. వైరు తీసి మళ్ళీ పెట్టాను. మాస్టారికి ఫోన్ చేసి ప్రోగ్రాంలో ఏమైనా తేడా ఉందేమో చూడమన్నాను. ప్రోగ్రాం జోలికి పోకు, అది నిక్షేపంగా ఉందని ఆయన కేకలేశారు. మూడోసారి ఆ అమ్మాయి నొక్కుతుంటే దగ్గరగా చూశాను. గోరు తెల్లబడుతోంది, చెయ్యంతా సన్నగా వణుకుతోంది, బొత్తాం మాత్రం వెంట్రుకవాసి కూడా కుంగడం లేదు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

"లోపల ఏమైనా మార్చారా అండి?" అని అడిగింది నన్ను.

"లేదమ్మా. తుడిచానంతే."

ఆ మాట ఎలా వచ్చేసిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆమె నిలదియ్యలేదు, మామూలుగా అడిగింది. నిజం చెబితే కొట్టేవాళ్ళు కూడా అక్కడెవరూ లేరు. నలుగురిలో ఇదేం పనయ్యా అనిపించుకోవడం మళ్ళీ వద్దనుకున్నానేమో.

ఆ అమ్మాయి కాసేపు తన వేలి వంక చూసుకుంది. తర్వాత భర్తతో అంది, "అయితే నా వేలేనండి. రెణ్ణెల్లు దీన్ని నొక్కలేదు కదా, ఈలోగా ఇది కూడా పోయినట్టుంది."

యజమాని అటు తిరిగి, సర్దాల్సిన అవసరం లేని కార్డులు సర్దుతున్నాడు.

"పోన్లెండి బాబాయిగారూ," అందా అమ్మాయి ఆయనతో. గొంతు కూడా మారలేదు. "కొత్తమ్మాయిని రేపట్నుంచే రమ్మనండి. నా పాత కార్డులు ఏ ఫోల్డర్లో ఏవున్నాయో పక్కన కూర్చుని చెబుతాను. ఒక్కతే వెతుక్కోలేదు పాపం."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మంచినీళ్ళు తాగొస్తానని బయటికొచ్చాను. ఎదురుగా చెరుకు ట్రాక్టరొకటి ఆగిపోయి ఉంది, ఎవరో గడ లాక్కుని నములుతున్నారు. అక్కణ్ణించి బస్టాండుకి నాలుగడుగులు. ఎక్కేస్తే నన్నడిగేవాళ్ళు లేరు, ఆమె వేలే పోయిందని అందరూ నమ్మేశారు. నిజం చెబుతున్నాను, ఆ నాలుగడుగుల గురించి ఆలోచించాను. ఆలోచించానని ఇంతవరకూ మా ఇంట్లో కూడా చెప్పలేదు.

లోపలికెళ్ళి చెప్పాను. "అమ్మా, నేను అబద్ధం చెప్పాను. లోపల రబ్బర్లు మార్చాను. పాతవి అరిగిపోయి మెత్తగా ఉన్నాయి, అందుకే నీ వేలికి కుంగేవి. కొత్తవి గట్టివి. నీ వేలికేం కాలేదు."

భర్త లేచి నిలబడ్డాడు. "మరీ మరీ చెప్పానా లేదా అండీ మీకు? చెప్పానా లేదా?" మా వైపు ఎంత కోపమొచ్చినా అండీ పోదు. ఆ అండీకి నేను తలెత్తలేకపోయాను.

ఆ అమ్మాయి కోప్పడలేదు. తన వేలికేం కాలేదన్న మాట దగ్గరే ఆగిపోయినట్టుంది. కళ్ళు తుడవమన్నట్టు భర్త వైపు ముఖం తిప్పింది. అతను తుడిచాక, "పాతవి ఉన్నాయాండి?" అనడిగింది.

లేవు. మా షాపులో పాత రబ్బరు పీకిన రోజే చెత్తబుట్టలోకి పోతుంది. అదీ నేను పెట్టిన పద్ధతే. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఊరికే ధవళేశ్వరం ఆవిడకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలీదు, తిట్టించుకోవడానికేమో.

అంతా విని ఆవిడ, "ఉన్నాయండి," అన్నారు.

"ఎక్కడున్నాయమ్మా? పారేశాం కదా!"

"మీరు పారేశారండి. నేను తీసి దాచాను. కస్టమరు బాగుందని చెప్పేదాకా పాత పార్టు పారెయ్యకూడదని మా రేడియో కంపెనీలో మొదటి రోజే చెప్పారు. మీరు చూస్తే కేకలేస్తారని బల్ల కింద ఊరగాయ జాడీల్లో పెడుతున్నానండి, పదేళ్ళ నుంచీ." ఆవిడ గొంతులో దెప్పిపొడుపేమీ లేదు. "ఇప్పుడు బస్సెక్కుతాను. సోల్డరింగ్ ఐరన్ కూడా తెస్తాను, అక్కడేం దొరుకుతుందో ఏమో."

యజమాని గోడ గడియారం వంక చూశాడు. "ఆరింటికి షాపు కట్టేస్తాను. ఆరింటిదాకా ఇవాళే," అన్నాడు.

ఆ మూడు గంటలూ ఎలా గడిచాయో చెప్పలేను. అతను భార్యకి అక్కడే అన్నం కలిపి తినిపించాడు. యజమాని నాకూ ఒక పొట్లం తెప్పించాడు, తినకపోతే బావుండదని తిన్నాను. ధవళేశ్వరం ఆవిడ మూడింటికి చెమటలు కక్కుతూ దిగారు. మంచినీళ్ళు కూడా తాగకుండా కార్డుల బల్ల మీద రిమోట్ విప్పారు. కాగితం పొట్లం తీశారు. దాని మీద పెన్సిలుతో "తణుకు అమ్మాయిగారివి" అని రాసుంది. రబ్బర్లు వేస్తుంటే నేను సాయం చెయ్యబోయాను. మీరుండండి అన్నారు. ఉండిపోయాను.

ఈసారి ఆ అమ్మాయి వేలు పెట్టగానే బొత్తాం కుంగింది. చప్పుడు లేదు, టక్కున లేవడం లేదు. బాణం మెల్లగా పైకి పాకింది. ఆమె అప్పుడే పనిలో పడిపోయింది, మా వంక చూడలేదు.

పాత కార్డుల్లోంచి గణపతి బొమ్మని తెచ్చుకుంది. శ్లోకం తెచ్చుకుంది. పేర్లు మటుకు ఒక్కొక్క అక్షరం ఏరుకోవాలి. పెళ్ళికూతురి పేరు పూర్తవడానికి పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వేలు ఆగిపోయింది, భర్త చెయ్యి పట్టుకుని నిమిరితే మళ్ళీ మొదలుపెట్టింది. బంధుమిత్రుల అభినందనలతో అన్న చివరి వరస కూర్చేసరికి ఆరింటికి పావుగంట ఉంది. యజమాని కళ్ళజోడు పెట్టుకుని తెర మీద అక్షరమక్షరం చదివాడు. ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ ఖాళీ ఎక్కువైందమ్మా," అన్నాడు. సరిచేసింది. ఇంకోసారి చదివి కళ్ళజోడు తీసేశాడు. "సోమవారం కాస్త పెందరాళే రండి. మూడు పెళ్ళిళ్ళవాళ్ళు వస్తున్నారు," అన్నాడు.

తిరుగు బస్సులో ధవళేశ్వరం ఆవిడ పక్కన కూర్చుని, ఎలా చెప్పాలో తెలియక, "తప్పు చేశానమ్మా," అన్నాను.

"ఆకలేస్తోందండి. రావులపాలెంలో బస్సాగితే అరటిపళ్ళు తీసుకోండి," అన్నారావిడ. రావులపాలెం దాటాక, "ఆ జాడీలు ఇకనుంచి బల్ల పైన పెట్టుకోవచ్చాండి?" అనడిగారు.

ఆ తర్వాత రెండేళ్ళు షాపు నడిచింది. జాడీలు బల్ల పైనే ఉండేవి. మాస్టారు కాలం చేశారు, నా కళ్ళకి సోల్డరింగ్ పొగ తగలనివ్వొద్దని డాక్టరన్నాడు, షట్టర్ దించేశాం. జాడీలు ధవళేశ్వరం వెళ్ళిపోయాయి. తణుకు అమ్మాయి మాత్రం నాలుగు మాఘాలూ ఆ కుర్చీలోనే ఉంది. నెల కిందట రిమోట్ వైరు పిగిలిందని పంపిస్తే, ధవళేశ్వరం ఆవిడ మా ఇంటి వరండాలో కూర్చుని కొత్త వైరు అతికారు. రిమోట్ విప్పి ఉన్నంతసేపూ రబ్బర్ల మీద నేను చెయ్యి కూడా వెయ్యలేదు.

నిన్న పొద్దున ఫోనొచ్చింది. భర్త ఫోన్ పట్టుకుంటే ఆ అమ్మాయే మాట్లాడింది. పది రోజులుగా బొత్తాం సరిగ్గా కుంగడం లేదట. ముందు ఎడమ వైపుకి మొరాయించిందట, ఇప్పుడు ఎటూ కుంగడం లేదట.

"మొన్న వైరు వేసినప్పుడు లోపల ఏమైనా మార్చారా అండి?" అనడిగింది.

అవే మాటలు. ఆ రోజు మామూలుగా అడిగింది. ఈసారి ఆ గొంతులో ఆశ ఉంది. మార్చానమ్మా అంటానేమోనని ఎదురుచూస్తోంది. నేను మళ్ళీ ఏదో నిర్వాకం చేసి ఉండాలని, మళ్ళీ అబద్ధమాడుతున్నానని తేలాలని కోరుకుంటోంది. నేనూ అదే కోరుకున్నాను. ఇన్నేళ్ళ పనిలో ఏనాడూ తప్పు నాదే అయితే బావుండునని అనుకోలేదు, నిన్న అనుకున్నాను.

"లేదమ్మా. ఏమీ మార్చలేదు."

"నిజంగానా అండి?"

"నిజంగానమ్మా."

ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను. తర్వాత ఆ అమ్మాయే అంది, "సరేనండి. కుడి చేతి ఉంగరపు వేలు ఈ మధ్య కాస్త కదులుతోందండి. గాలికి కదిలినట్టు, అంతే. దానికేమైనా చెయ్యగలరేమో ఒకసారి వచ్చి చూస్తారా?"

నాకు షాపు లేదు. చూపు ఆనడం లేదు. ప్రోగ్రాం రాసే మాస్టారు లేరు. ఆ వేలికి కుంగేంత మెత్తటి రబ్బరు ఎక్కడైనా ఉందో లేదో తెలీదు. వస్తానన్నాను. ధవళేశ్వరం ఆవిడకి చెబితే, జాడీలన్నీ వెతికి మెత్తటివి ఏరి తెస్తాను, బస్ కాంప్లెక్స్‌లో ఏడింటి బస్సు దగ్గరుండండి అన్నారు.

రేపు వెళ్తున్నాం. సంచీ సర్దుకున్నాను. స్క్రూ డ్రైవర్ అన్నిటికంటే అడుగున పెట్టాను.